ప్లేట్ల స్టాండుకు కట్టిన దండెం

వికారాబాదులో ఆ రోజు జరిగిన సభలో నేను ఒక అబద్ధం చెప్పాను. చెప్పేటప్పుడు అది అబద్ధమని నాకు సగమే తెలుసని చాలా రోజులు నన్ను నేను సముదాయించుకున్నాను. అదీ అబద్ధమే. పూర్తిగా తెలుసు.

పట్టణాల్లో ఇళ్ల మీద సోలార్ కరెంటు గురించి, కరెంటు పొదుపు గురించి జనం ఏమనుకుంటున్నారో వినడానికి ఒక ఫంక్షన్ హాల్లో పెట్టిన సభ అది. తాండూరు నుంచి నన్ను ప్రత్యేకంగా పిలిచారు. మా గల్లీలో అందరికంటే ముందు డాబా మీద సోలార్ ప్లేట్లు పెట్టించింది నేనే. పైగా డిగ్రీ చదివినదాన్ని, నోరున్నదాన్ని. ఎవరు అడ్డం మాట్లాడినా సమాధానం చెప్పగలనని వాళ్లకెవరో చెప్పారట. నిజమే చెప్పారు.

మా గల్లీలో జనం సోలార్‌ను వద్దనడానికి చెప్పే కారణాలు పేపర్లలో రావు. యూనిట్ల సంగతి ఎవరికీ పట్టదు. ప్లేట్లు పెడితే కందులు ఎక్కడ ఎండబెట్టుకోవాలి? కోతులు దూకితే పగలవా? నాపబండలు కోసే ఫ్యాక్టరీల దుమ్ము వారానికోసారి బూడిదలాగా పేరుకుంటుంది, దాన్ని ఎవరు కడగాలి? ఇవీ ప్రశ్నలు. ఎదురింటి సేటుకు పప్పు మిల్లు ఉంది. మా ప్లేట్లు బిగిస్తున్న రోజు ఆయన గల్లీ మధ్యలో నిలబడి అందరికీ వినపడేలా అడిగాడు.

"ఏం చెల్లె, సూర్యునికి గూడ మీటర్ పెడుతున్నవా?"

"మీ మిల్లుల కందులు ఎండబెట్టేది ఎవరు సేటూ, మీ నాయినా? ఇన్నేండ్ల సంది గా సూర్యునికి మీరేం కూలి ఇచ్చిండ్రు?" అన్నాను.

గల్లీ అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు. నాకేం బాధ కలగలేదు. గెలిచాను కదా.

నిజమైన చిక్కు పక్కింటి వదినెతో వచ్చింది. ఆమె నాకు చుట్టం కాదు. ఇరవై ఏళ్లుగా పక్కపక్కన ఉంటూ ఒకరినొకరం వదినె అని పిలుచుకుంటాం. ఆమె డాబా చిన్నది. నీళ్ల ట్యాంకు పోగా మనిషి నిలబడే జాగానే మిగులుతుంది. అందుకని మొదటి నుంచీ మా రెండు ఇళ్లకూ కలిపి ఒకే దండెం. ఇనుప తీగ ఒక కొస ఆమె గోడకున్న కొక్కేనికి, ఇంకో కొస మా డాబా మీది పాత ఇనుప గుంజకు. రెండు ఇళ్ల బట్టలూ ఒకే తీగ మీద ఆరేవి. ప్లేట్ల కోసం ఆ గుంజ తీసెయ్యాల్సి వచ్చింది.

"నీకు కరెంటొస్తది, మంచిదే. నా చీరలు యాడ ఆరాలె వదినె?" అని ఆమె పిట్టగోడ మీద చేతులు పెట్టుకుని అడిగింది. గొంతులో కోపం లేదు. అదే నన్ను గుచ్చింది.

"గుంజకంటే ప్లేట్ల స్టాండు గట్టిది. దానికే కడుత" అన్నాను.

కట్టాను. తీగ బిగించడానికి స్టాండు కాలుకు ఒక బోల్టు కావాల్సి వచ్చింది. అక్కడున్న బోల్టుకు అప్పటికే ఒక పచ్చ వైరు బిగించి ఉంది. ఆ వైరు ఎక్కడికి పోతుందో చూశాను. బల్బుకు పోదు, స్విచ్చుకు పోదు, కింద గోడకున్న ఇన్వర్టర్ పెట్టెలోకీ పోదు. గోడ వెంట దిగి, నేలలో తవ్విన గుంతలోకి పోతుంది. మట్టిలోకి పోయే వైరుతో మనకేం పని అనుకున్నాను. పానా తెచ్చి విప్పి, చుట్ట చుట్టి, పైపుకు చక్కగా కట్టి పెట్టాను. ఖాళీ అయిన బోల్టుకు దండెం బిగించాను. బిగించిన మెకానిక్కుకు ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు. అడగడం నాకు అలవాటు లేదు, చెప్పడమే అలవాటు.

ఏడాది ఏ గొడవా లేకుండా గడిచింది. ఆ ఏడాదిలో గల్లీలో చాలా ఇళ్లవాళ్లను ఒప్పించాను. కొందరు ప్లేట్లు పెట్టించుకునే కాగితాల మీద సంతకాలకు కూడా సిద్ధమయ్యారు.

సభ రోజు పొద్దున సంగతి ఇది. అంతకు ముందు రాత్రి వాన పడింది. స్లాబు ఇంకా తడిగా ఉంది. తువ్వాలు ఆరేద్దామని తీగ పట్టుకున్నాను. వేళ్ల నుంచి మోచేతి దాకా జివ్వుమని పాకింది. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. కాసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత వంగి చూస్తే, ప్లేట్ల కింద నుంచి పోయే నల్ల వైరు మీద కోతి పళ్ల గాట్లున్నాయి. లోపలి రాగి మెరుస్తోంది. స్టాండుకు ఆనుకుని ఉంది.

అప్పుడే పక్క డాబా మీదికి వదినె బకెట్ పట్టుకుని వచ్చింది.

"ఏం వదినె, గట్ల నిలవడ్డవ్?"

నోరు తెరిచాను. చెప్తే గంటలో సేటు ఇంటికి చేరుతుంది, సాయంత్రానికి గల్లీ అంతా చేరుతుంది, సంతకాలన్నీ పోతాయి. ఇదంతా ఒక్క క్షణంలోనే లెక్కలోకి వచ్చేసింది.

"ఏం లేదు. రైలుకు టైమైతుంది" అన్నాను.

ఆమె చీర పిండి తీగ మీద వేసింది. ఆమె చెయ్యి ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు అనిపించింది. చీర జారిందేమో అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. కింద ఇన్వర్టర్ పెట్టె మీద, ఏదో తప్పుందని చెప్పే ఎర్ర లైటు వెలుగుతోంది. సాయంత్రం మెకానిక్కును పిలుద్దాంలే అని చెప్పులేసుకున్నాను.

సభలో నా వంతు బాగానే నడిచింది. మర్పల్లి నుంచి వచ్చిన ఒకామె మబ్బు పట్టిన దినాలు ఏం చేస్తారని అడిగింది. చెప్పాను. ఒకాయన ఇదంతా కంపెనీల దందా అన్నాడు. ఆయన నోరు మూయించాను. చివరి వరసలోంచి ఒక సన్నటి మనిషి లేచింది.

"జర ఒక మాట మేడం. షాక్ కొట్టదా? మా బంగ్లా డాబా మీద పిల్లలు ఆడుకుంటరు."

హాలంతా నా వైపు చూసింది. నా కుడిచెయ్యి ఇంకా తిమ్మిరిగానే ఉంది. దాన్ని చీర కొంగు కింద పెట్టుకున్నాను.

"ఏడాదైంది, ఒక్కసారి కొట్టలే. నేనైతే ఆ స్టాండుకే బట్టల దండెం కట్టిన. మీరూ కట్టుకోండ్రి, జాగ మిగులుతది" అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరు ఆడవాళ్లు ఆ మాట రాసుకున్నారు. నేను కూర్చునేసరికి పైకప్పు రేకుల మీద వాన మొదలైంది.

వాన అనగానే నాకు సభ కనిపించడం మానేసింది. దండెం మీద వదినె బట్టలున్నాయి. వాన రాగానే ఏ ఆడదైనా ఏం చేస్తుంది? చెప్పులు కూడా వేసుకోకుండా డాబా ఎక్కుతుంది. వదినె బట్టలు ఒక్కొక్కటి తీయదు. రెండు చేతులతో తీగ మీద నుంచి అన్నీ కలిపి లాగుతుంది.

వరండాలోకి పోయి మెకానిక్కుకు ఫోన్ చేశాను. గొంతు మామూలుగా పెట్టుకున్నాను.

"తమ్మీ, స్టాండు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే ఏమన్నట్టు?"

"స్టాండు జివ్వుమనుడేంది మేడం? ఎర్త్ ఉంది గదా, లీకైన కరెంటు మట్టిలకు పోతది. పచ్చ వైరు, బోల్టుకు బిగించిన."

చుట్ట చుట్టి పైపుకు కట్టిన ఆ వైరు కళ్ల ముందు కనిపించింది.

"మేడం? పచ్చ వైరు ఉందా?"

"తీసేసిన" అన్నాను.

"ఎవ్వర్నీ దగ్గరికి పోనియ్యకుండ్రి" అన్నాడు.

"మెయిన్ ఆపిస్త."

"మెయిన్ ఆపినా ప్లేట్లల్ల ఉంటది మేడం. ఎలుతురున్నంత సేపు ఉంటది. మబ్బులైనా ఉంటది. నేను బంట్వారంల ఉన్న, బయలుదేరుత."

మెయిన్ ఆపితే చాలు, ఏ భయమూ లేదు అని ఏడాదిగా గల్లీలో ఎంతమందికి చెప్పానో.

వదినెకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఆమె ఫోన్ వంటింట్లో పప్పుడబ్బా మీద ఉంటుంది, డాబా మీదికి వినపడదు. ఆమె భర్త బండల ఫ్యాక్టరీలో వాచ్‌మెన్. ఆ మిషన్ల మోతలో ఫోన్ ఎత్తడు. మా ఆయన పెళ్లికని కర్ణాటక వైపు పోయాడు. ఎవరితోనూ చెప్పకుండా స్టేషన్‌కు పోయి, వచ్చిన ప్యాసింజరు ఎక్కేశాను.

రైల్లో సీటు దొరికింది. కూర్చోలేకపోయాను. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కడ్డీ ఇనుముదని గుర్తొచ్చి చెయ్యి తీసేశాను. పిచ్చి అని తెలుసు. అయినా మళ్లీ పట్టుకోలేదు. ధారూరు దాటితే వాన ఉండదేమో అని చూశాను. అక్కడ ఇంకా గట్టిగా పడుతోంది. తాండూరు వైపు ఆకాశం నల్లగా దిగిపోయి ఉంది. ఫోన్ పదోసారో పన్నెండోసారో మోగి ఆగింది. బట్టలు మడతపెట్టుకుంటోందేమో, టీ పెట్టుకుంటోందేమో అని ఒక్కో బొమ్మ గీసుకుంటున్నాను. ఒక్కటీ నిలవడం లేదు. తడి స్లాబు మీద ఆమె పాదాలే కనిపిస్తున్నాయి.

ఆ వేళకు ఇంటి దగ్గరుండి ఆమె తలుపు తట్టగలిగిన మనిషి ఎదురింటి సేటు ఒక్కడే. ఆయన నంబరు నా దగ్గర ఉంది. దాని మీద వేలు పెట్టి ఒక స్టేషన్ దాకా ఊరికే నిలబడ్డాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఒక మనిషి ప్రాణం అటు ఉంటే, సేటు ఏమంటాడో అని ఒక స్టేషన్ దాకా ఆలోచించాను.

"హలో."

"సేటూ, నేను. ఎదురింటి నుంచి."

"ఓహో, సూర్యునికి మీటర్ పెట్టిన చెల్లెనా? చెప్పండ్రి."

"సేటూ, పక్కింటి వదినెను బంగ్లా ఎక్కనియ్యకుండ్రి. దండేనికి కరెంటొస్తుంది."

"ఎవరి కరెంటు?"

"మాదే. ప్లేట్లది."

"కొట్టదంటిరి గదా చెల్లె. గల్లీల నిలవడి చెప్తిరి."

"కొడుతుంది సేటూ. కొడుతుంది. తర్వాత తిడుదురు, నిలవడి తిట్టించుకుంట. ముందు పొండ్రి, మీ కాళ్లు మొక్కుత."

రైలు డబ్బాలో అందరూ నా వైపు తిరిగారు. ఫోన్ కట్టయింది. ఆయన పెట్టేశాడో, సిగ్నల్ పోయిందో తెలియదు. తాండూరు వచ్చేదాకా మళ్లీ కలవలేదు. ఆ కాసేపు ఎలా గడిచిందని అడిగితే చెప్పలేను. ఎదురు సీట్లోని ముసలామె "ఏమైంది బిడ్డా" అని అడిగింది. నా నోట మాట రాలేదు. నా జీవితంలో అది మొదటిసారి.

ఆటో గల్లీ మలుపు తిరగ్గానే ముందు తీగను చూశాను. బట్టలన్నీ దాని మీదే ఉన్నాయి, వానలో కారుతూ. ఒక్క చీర మాత్రం సగం జారి వేలాడుతోంది. ఎవరో పట్టుకుని వదిలేసినట్టు. ఆటో అతను చెయ్యి పట్టి దింపాడు.

వదినె ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లంతా తడిసి ఉంది. అరచేతికి గుడ్డ చుట్టుకుంది. సేటు గొడుగు పట్టుకుని మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"సతాయిస్తుంది చెల్లె. మల్ల ఎక్కుత అంటుంది, బట్టలు తడుస్తున్నయంట" అన్నాడు. నన్నేదన్నా అంటాడని చూశాను. అనలేదు.

వాన మొదలవగానే ఆమె పైకి పోయింది. మొదటి చీర పట్టుకోగానే ఎవరో తోసినట్టు వెనక్కి పడింది. అరచెయ్యి గీరుకుపోయింది. కాసేపు మెట్ల మీద కూర్చుని, మళ్లీ పోదామని లేచేసరికి కింద సేటు తలుపులు బాదుతున్నాడట.

"ఒక్కసారి కొట్టినంక మల్ల యెట్ల పోదామనుకున్నవ్ వదినె?" అని అరిచాను. భయం నా నోట్లోకి అలాగే వస్తుంది, అరుపులాగా.

"ఒక్కసారి ఏంది? ఎనిమిది దినాల సంది జివ్వుమంటనే ఉంది. తడి ఉన్నప్పుడల్లా."

"మరి చెప్పవా!"

ఆమె గుడ్డ కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "ఏం చెప్పాలె? నువ్వు కొట్టదంటివి. చదువుకున్నదానివి. నాకు షుగర్ ఉంది గదా, నా చేతులకే తిమ్మిర్లు వస్తున్నయనుకున్న. మొన్న డాక్టర్ తాన గూడ పోయిన. గోలీలు రాసిండు."

గోలీలు తెచ్చి చూపించింది. అప్పటికే రెండు రోజుల మందు వేసుకుంది.

చీకటి పడ్డాకే మెకానిక్కు పైకి ఎక్కాడు. అతను తీగ విప్పుతుంటే నేను వికారాబాదు సభ పెట్టినాయనకు ఫోన్ చేశాను. స్టాండుకు దండెం కట్టుకోమన్నాను, అది తప్పు, నాకు పొద్దున్నే షాక్ కొట్టింది, దాచిపెట్టాను, వచ్చినవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పండి అన్నాను.

"మేడం, ఇప్పుడు గిట్ల చెప్తే జనం బుగులు పడుతరు, భయంతోని ఎనక్కి పోతరు. మీ మాటల తర్వాతనే మస్తు మంది పేర్లు ఇచ్చిండ్రు."

"బుగులు పడనియ్యుండ్రి. ఎర్త్ వైరు ఎందుకుంటదో చెప్పండ్రి, కోతుల గాట్లు చూసుకోమనుండ్రి, అప్పుడు పెట్టుకోమనుండ్రి. ఆ చివరి వరస ఆమెకు ముందు చెయ్యుండ్రి, పిల్లలున్నరన్నది."

"ఆమె నంబర్ లేదు మేడం. పేరు ఇయ్యలే."

మర్నాడు కొత్త వైరు వేశారు, దాన్ని పైపులో దూర్చారు, పచ్చ వైరును దాని బోల్టుకు బిగించారు. దండేనికి వేరే కట్టె గుంజ పాతించాను. అంతా అయ్యాక మెకానిక్కు అరచెయ్యి స్టాండు మీద పెట్టి చూపించాడు. పక్క డాబా మీద వదినె చూస్తోంది.

"నువ్వు గూడ పట్టి చూపియ్యి వదినె" అంది.

చెయ్యి చాచాను. ఇనుముకు జానెడు దూరంలో ఆగిపోయింది. కరెంటు లేదని నాకు తెలుసు. ఎందుకు లేదో కూడా ఇప్పుడు తెలుసు. చెయ్యి పోలేదు.

"భయమైతుంది" అన్నాను.

"నాకు గూడ" అంది ఆమె. ఆ రోజు బట్టలు పిట్టగోడ మీదే ఆరేసుకుంది. నేను కూడా.