నీళ్ళు తాగే రాక్షసి

రెండువేల తర్వాతి తొలి సంవత్సరాల మాట. కోస్తా నుంచి వచ్చి నాచారంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. మా వీధికి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు, పొద్దున గంటసేపే వచ్చేవి.

ఆ వీధిలో నల్లాకి నేరుగా మోటారు బిగించిన మొదటి ఇల్లు మాదే. తప్పని తెలుసు. నీళ్ళ బిల్లు తెచ్చే మనిషి కనిపిస్తే మోటారు మీద గంప బోర్లించేదాన్ని. అయినా పావుగంటలో సంపు నిండిపోతుంటే నాకెంత గొప్పగా ఉండేదో! చివరింటావిడ బిందె పట్టుకొచ్చి, "మా నల్లాల సుక్క రాలే అక్కా" అనేది. "పైపులే అలా ఏడ్చాయి, ఏం చేస్తాం" అని జాలిపడి ఒక బిందె పోసి పంపేదాన్ని. పైగా పుణ్యం చేశాననుకునేదాన్ని.

మా అమ్మాయి అప్పుడు రెండో తరగతి. స్వార్థం మంచిది కాదని చెప్పే కథల పోటీ పెట్టారు బళ్ళో. నేనే ఒకటి అల్లాను. కొండ మీద ఒక రాక్షసి. పొడవాటి వెదురు గొట్టం ఏట్లో పెట్టి, కింది ఊళ్ళకు మిగలకుండా పీల్చేస్తుంది. ఎంత తాగినా దాహం తీరదు. చివరికి గొట్టం విరిచేసి, ఊరివాళ్ళ మధ్య కూర్చుని దోసిలితో తాగితే అప్పుడు తీరుతుంది.

మూడు రోజులు అప్పజెప్పించుకున్నాను. నాలుగోరోజు నల్లా రాగానే మోటారు వేశాను. పిల్ల కథ మధ్యలో ఆపేసింది.

"అమ్మా, మన మోటర్ గూడ గట్లనే గదా?"

ఇంట్లో మేం మాట్లాడే యాసొకటి, వీధిలోంచి పిల్ల తెచ్చుకునే యాసొకటి.

"అది కథ, ఇది ఇల్లు" అని కసిరాను.

"అయితే నేను చెప్ప. మోటర్ తీస్తేనే చెప్త."

తిట్టాను, చాక్లెట్ ఆశ చూపాను. ఊహూఁ. "మొండితనంలో అచ్చం నీ పోలికే" అని మా ఆయన నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను చెప్పిన కథను నా కూతురు నమ్మింది, నేనే నమ్మలేదు. ఆ సిగ్గుతోనే మర్నాడు ఆయన చేత మోటారు విప్పించాను.

ఆ మర్నాడు నల్లా సన్నటి ధారగా వచ్చింది. గంట గడిచినా సంపు సగమే నిండింది. అంతలో చివరింటావిడ వచ్చింది, ఈసారి బిందె లేకుండా.

"ఇయ్యాల నల్లా మస్తుగొచ్చింది అక్కా. లైన్‌మాన్ ఏదో మంచిగ జేసినట్టున్నడు."

ఊరుకుంటే సరిపోయేది. 'అవునవును' అనే మాట నోటిదాకా వచ్చింది కూడా. పిల్ల నావంకే చూస్తోంది.

"లైన్‌మాన్ కాదమ్మా. ఇన్నాళ్ళూ మేమే మోటారుతో లాగేశాం. నిన్న తీసేశాం" అన్నాను.

 ఆవిడ మెల్లగా అంది: "మాకెరికే అక్కా. ఆ సప్పుడు మా ఇంటిదాంక ఇనవడ్తుండె."

తెలిసీ ఇన్నాళ్ళూ నా గుమ్మం ముందు బిందెతో నిలబడింది! నాకు తలెత్త బుద్ధి కాలేదు. పక్కనున్న పిల్లను ముందుకు లాగి, "తీయించింది ఇదే" అన్నాను. అంత గర్వంగా నేను ఎవరినీ ఎవరికీ చూపించలేదు.