వెలుగు కోసం తాలు కాయలు

ఈ మధ్య తుమ్ముల్లో పస తగ్గింది. చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, పిల్లి అలికిడంత చేసి, పైగా ‘సారీ’ అంటున్నారు. ఆ రోజుల్లో ప్రత్తిపాడులో ఎండలు ముదిరేవేళ ఒకడు తుమ్మితే వీధంతా అందుకునేది. కళ్లాల్లో మిరపకాయ ఎండుతుండేది మరి. నా జీవితంలో కళకీ తుమ్ముకీ చుట్టరికం కుదిరింది అప్పుడే.

డిగ్రీ అయ్యాక అక్కడి ఒక ప్రైవేటు స్కూల్లో తాత్కాలికంగా డ్రాయింగు మాస్టారుగా చేరాను. జూన్ నుంచి ఉంచేదీ లేనిదీ పాఠం చూసి చెబుతామన్నారు కరస్పాండెంటు గారు. ఆయనకి గుంటూరు యార్డులో మిర్చి కమీషను కొట్టు. ఉంచకపోతే మా నాన్న పత్తిచేలో మందు కొట్టే డబ్బా నా వీపు కోసం ఎదురుచూస్తోంది. అందుకని మామిడిపండునీ కుండనీ (అప్పటిదాకా డ్రాయింగంటే ఆ రెండే) పక్కన పెట్టి, ఆదివారాలు గుంటూరు వెళ్లి, నెట్ సెంటర్లో కూర్చుని దేశదేశాల నేటి కళని ప్రింట్లు తీయించి పట్టుకొచ్చేవాణ్ణి. బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగేది. (ఒక జపాను శిల్పం నడుము దాకా వచ్చాక కరెంటు పోయింది. అంతవరకే పాఠం చెప్పాను. బాగానే వచ్చింది.)

ఆఫ్రికాలో ఒకాయన పారేసిన సీసా మూతలు కుట్టి గోడంత దుప్పటి చేశాడు. ఆ ప్రింటు ఎనిమిదో తరగతికి చూపించి, “చుట్టూ దొరికేదే మన రంగు” అన్నాను, చాలా ధీమాగా.

“మూతలు లేవండి మాస్టారూ. కాయలున్నాయండి.”

“మరి తెలుపు?”

“తాలుంది గదండీ” అంది ఒక పిల్ల.

(తాలంటే ఎరుపు పట్టక పాలిపోయిన కాయ. మంచి కాయలోంచి దాన్ని ఏరలేక ఇళ్లల్లో ఆడవాళ్ల నడుములు పడిపోతుంటాయి. మాది పత్తి ఇల్లు. నాకా సంగతి తట్టలేదు.)

కరస్పాండెంటు గారు వచ్చే రోజుకి పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన కాయలతో స్కూలు ఆవరణలో ఎర్రటి దుప్పటి పరుచుకుంది, మధ్యమధ్య తెల్లటి మెరుపులతో. తుమ్ములు సరేసరి. ప్రింటు ఆయన చేతిలో పెట్టి, ఆఫ్రికా గురించి తెలిసిందంతా చెప్పాను. ఆయన గొంతుక్కూర్చుని, గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించారు.

“కాయ బాగా ఎండింది. తాలెందుకు కలిపావయ్యా?”

“వెలుగు కోసమండీ.”

“వెలుగు సంగతి తర్వాత. ముందు ఏరించు.”

బడి వదిలేదాకా నేనూ పిల్లలూ కూర్చుని మెరుపులన్నీ ఏరేశాం. ఒక్క తాలు మిగల్లేదు. ఉద్యోగం నిలిచింది; ఇంత శుభ్రంగా ఏరించేవాడు పిల్లల్నీ దారిలో పెడతాడని ఆయన నమ్మకం.

ఇప్పుడు లోకంలోని మ్యూజియాలన్నీ నా ఫోనులోనే ఉన్నాయి, ఏ బొమ్మా నడుము దగ్గర ఆగదు. సగం శిల్పంతో పూర్తి పాఠం చెప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం కాస్త అసూయగానే ఉంటుంది. మొన్న చీరాలలో ఒక పెళ్లి భోజనాల దగ్గర, ప్రత్తిపాడులో మొట్టమొదటి ఆధునిక కళాఖండం నాదేనని పక్కవాళ్లకి చెబుతున్నాను. ఎదుటి బంతిలో కూర్చున్న కరస్పాండెంటు గారు (చూపు మందగించింది, చెవులు భేషుగ్గా ఉన్నాయి) పప్పన్నం కలుపుతూ తలెత్తారు.

“నువ్వే గదయ్యా, మంచి కాయలో తాలు కలిపిన మాస్టారువి?”