రోహిణి కార్తెలో రమ్మనే పెద్దక్క

మా అందరి పెద్దక్క పోయి నెల దాటింది. పొద్దున దేవుడి ముందు దీపం పెట్టి, నమస్కారం చేసుకుని లేవబోతూ పక్కకు ఒరిగిపోయింది. కదిరి ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందన్నారు. ఆ స్వామి ఎదుటే పిలుపు వచ్చిందని నాకు నేను చెప్పుకుంటున్నాను. మనసు మాత్రం కుదుటపడలేదు.

మాతోపాటే ఇక్కడుండే కండక్టరన్న అప్పటినుంచీ అడుగుతున్నాడు. "చెల్లెమ్మా, అక్క మీద నాలుగు మంచి మాటలు రాసియ్యి. కొత్తోళ్లను పిలిచే కరపత్రం వెనకపక్క ఏస్తా." బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి, చెడ్డవాడు కాదు. కానీ ఆమె చావు మీద ప్రకటన రాయడానికి నాకు చెయ్యి రాలేదు. నిన్న జరిగినదాని తర్వాత రాయకుండా ఉండలేక కలం పట్టాను. ఇది కరపత్రానికి కాదు. ఆమె వడ్డించగా తిన్న మీకోసం.

ఆమెను ఎరగనివాళ్ల చేతిలో పడితే వాళ్లకు కొంచెం చెప్పాలి. ముదిగుబ్బ నుంచి కదిరి పోయే దారిలో పెద్దక్కకు వేరుశనగ పండక బీడుపెట్టిన చేను ఉండేది. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేసి రిటైరయ్యాక, ఆ చేలో ఆమె, నాలాంటి ఒంటరివాళ్లు, పిల్లలు లేని జంటలు కలిసి చిన్న చిన్న ఇళ్లు కట్టుకున్నాం. ఎవరి తలుపు వారిదే. వంటిల్లు, బోరు మాత్రం అందరికీ ఒకటే. మధ్యాహ్నం అందరం ఒకచోట కూర్చుని తినాలి. ఆమె పెట్టిన నియమం అదొక్కటే.

మాట్లాడుకోవడం మానేసిన ఇద్దరిని చూసి చూసి పక్కపక్కనే కూర్చోబెట్టేది. "పప్పు కావాలంటే నోరు తెరవాల్సిందే గదా" అనేది.

ఇప్పుడు సగం ఇళ్లకు తాళాలున్నాయి. కొందరు కాలం చేశారు, కొందరు బంధువుల దగ్గరికి వెళ్లిపోయారు. కొత్తవాళ్లు రాకపోతే వంటిల్లు నడవదు. అది ఆగితే ఈ చోటు మూతపడినట్టే. నాకు భర్త లేడు, పోవడానికి ఇంకో ఇల్లు లేదు.

ఇళ్లకు తాళాలు పడటం మొదలైన ఏడాదే కండక్టరన్న కరపత్రం వేయిద్దామన్నాడు. తనే రాసుకొచ్చి భోజనాల దగ్గర చదివాడు. పచ్చని పరిసరాలు, రేయింబవళ్లు నీటి సౌకర్యం అని ఉంది అందులో.

"ఏమప్పా, యాడుండాది పచ్చదనం? కండ్లద్దాలకు రంగేసుకున్నావా?" అంది పెద్దక్క.

"ప్రకటనంటే అట్లే రాస్తారక్కా. లేకుంటే ఎవరొస్తారు?"

"పెండ్లిచూపులకు బట్టతల మీద టోపీ పెట్టుకోని పోయినోడి మాదిరి మాట్లాడతాండావే!"

అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయన భార్యే. "నిజమేలే అక్కా, టోపీతోనే వచ్చినాడు" అంది.

ఆ సాయంత్రం పెద్దక్క చెబుతుంటే నేను వేరే కరపత్రం రాశాను. "ఎండాకాలంలో బోరు ఆగిపోతుంది. ట్యాంకరు కోసం బిందెలతో నిలబడాలి. కూరలో ఉప్పు ఎక్కువైతే చెప్పవచ్చు, తినకుండా లేవకూడదు. జ్వరం వస్తే తలుపు తట్టేవాళ్లుంటారు. చూడదలచినవారు రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట రావలెను." ఇక్కడ ఏడాది మొత్తంలో ఎండ ముదిరే రోజులవి. కదిరి బస్టాండులో పంచుతుంటే చదివినవాళ్లు నవ్వుకున్నారు.

అయినా గుత్తి నుంచి ఒక జంట వచ్చింది. ఆటో దిగేసరికి ట్యాంకరు వచ్చి ఉంది. "కాపీ తర్వాత తాగుదురులే, ముందు ఈ బిందెలు పట్టుకోండి" అని పెద్దక్క వాళ్లను వరుసలో నిలబెట్టింది. సాయంత్రం బస్సుకే వాళ్లు వెళ్లిపోయారు.

"మనుషుల్ని పిలుస్తాండావా అక్కా, తరుముతాండావా?" అన్నాడు కండక్టరన్న. ఆయన భార్యకు చక్కెర జబ్బు. ఆ ఇద్దరికీ కూడా వేరే చోటు లేదు.

పెద్దక్క అంది: "మొదట్లో ఒగ జంటను వానలు పడినంక పిలిచి, నిండిన కుంట చూపించినా. ఆ యమ్మ టౌన్లో ఇల్లమ్ముకోని వచ్చింది. ఎండాకాలానికి ఏడ్చుకుంటా పోయింది. నేను అబద్ధం చెప్పలేదప్పా, మంచి రోజు చూపించినా, అంతే. అదే తప్పయింది."

పెద్దక్క కర్మకాండలు ముగిశాక కండక్టరన్న ఫోనులో కొత్త ప్రకటన చూపించాడు. పెద్దక్క బొమ్మ, కింద నిండు కుంట. "ఆ కుంట తీసెయ్యన్నా, ఆమె ఆత్మ ఒప్పుకోదు" అన్నాను. పాపం, వెంటనే తీసేశాడు. నీళ్ల సంగతి ఉన్నదున్నట్టు రాశాడు. చివర "అందరం ఒకే కుటుంబంలా కలిసి భోంచేస్తాం" అన్న మాట ఉంది. దాన్ని నేనూ చదివాను. నాకేమీ తప్పుగా తోచలేదు.

అది చూసి నిన్న మధ్యాహ్నం ఒకామె వచ్చింది. నా ఈడు మనిషి, చేతిలో గుడ్డసంచి. నేను నీళ్ల కష్టం చెప్పబోతే ఆపింది. "మాదీ కరువు పల్లే అక్కా. నీళ్ల కత నాకు చెప్పొద్దు. అందురూ కూచోని తింటారంట గదా, అది చూద్దామని వచ్చినా."

భోజనాల గదికి తీసుకెళ్లాను. చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి.

"అందురూ యాడ?"

మేం రాసింది అబద్ధమని అప్పుడు తెలిసింది నాకు. పెద్దక్క పోయినప్పటినుంచి ఆ గదిలోకి రాబుద్ధికాక ఒకరి తర్వాత ఒకరం అన్నం క్యారియర్లలో పెట్టుకుని ఇళ్లకు తీసుకుపోతున్నాం. నేనూ అంతే. ఎవరమూ ఆ మాట పైకి అనుకోలేదు.

"అక్క పోయినంక ఎవరిండ్లలో వాళ్లు తింటాండామమ్మా" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. సంచి కింద పెట్టి ఒక చాప పరిచింది. "అయితే మనిద్దరికీ పెట్టు" అంది.

చేరుతానని గానీ, చేరనని గానీ చెప్పలేదు. నేను వడ్డిస్తుండగా కండక్టరన్న క్యారియరు నింపుకోవడానికి వచ్చి గడప దగ్గర ఆగిపోయాడు. ఆమెను చూశాడు, పరిచిన చాపను చూశాడు. ఒక చెప్పు విడిచాడు. రెండోది కాలికి ఉండగానే, చేతిలో ఖాళీ క్యారియరుతో అక్కడే నిలబడ్డాడు.

ఈ కాగితాలు మీ దగ్గరే దాచండి. ఇల్లు చూడవచ్చేవాళ్లకు చూపించకండి. వాళ్లు వచ్చి, మాతో కూర్చుని, కళ్లారా చూసుకోనివ్వండి.