ఒళ్లో వచ్చిన చేపపిల్లలు

1958లో నేను గుడివాడలో చేపల శాఖ ఫీల్డ్ అసిస్టెంటుని. ఫ్రై, అంటే వేలిగోరంత చేపపిల్లల్ని, నీళ్లు నింపిన మట్టికుండల్లో పెట్టి బస్సు మీద ఊళ్ల చెరువులకు చేర్చడం నా పని. జంతుశాస్త్రం చదువుకున్నానన్న గీర నాకు కాస్త ఎక్కువే ఉండేది.

అంతకు ముందు ఏడాది సముద్రపు ఉప్పునీరు పోటెక్కి దివిసీమలో ఒక జాలరిపేట చెరువులో చేపలన్నీ చచ్చిపోయాయి. వానలు పడి నీళ్లు మళ్లీ తియ్యనయ్యాక మొదటి విడత పిల్లల్ని నేనే తీసుకెళ్లాను. లేత ప్రాణాలు కదా అని కుండల చుట్టూ ఎండుగడ్డి కూరి, మూతులకు తడిగుడ్డ బిగించి, ఒక్క కుదుపు తగలనివ్వలేదు. తీరా చెరువు దగ్గర గుడ్డ విప్పితే అన్నీ తెల్లగా తేలి ఉన్నాయి. పేటకు పెద్దదిక్కయిన నాంచారమ్మగారు ఆ గడ్డినీ తడిగుడ్డల్నీ తడిమి చూసి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేదనిపించింది.

రెండో విడతకు ఆవిడే గుడివాడ వచ్చారు. ఆ ఏటికి అవే ఆఖరి పిల్లలు.

"ఇయ్యి కూడా పోతే పేటంతా బందరు వలస పోవాల్సిందే బాబుగారూ," అంటూ గడ్డి తీయించేశారు, గుడ్డలు విప్పించేశారు. ఎనిమిది కుండలు. గతుకు వచ్చినప్పుడల్లా నీళ్లు చిందుతుంటే కండక్టరు గొణిగాడు, నేను లోలోపల ఆవిడ్ని తిట్టుకున్నాను.

పామర్రు దాటి, ఘంటసాల దరిదాపుల్లో బస్సు చెడి ఆగిపోయింది. హమ్మయ్య, ఇక కుదుపు లేదనుకున్నాను. నాంచారమ్మగారు మాత్రం కేకపెట్టారు.

"ఊపండి! బండి ఆగింది గదా! నీళ్లు కదలకపోతే అయ్యి ఊపిరాడక చచ్చిపోతయ్యి!"

అప్పుడు నా చదువు గుర్తొచ్చింది. చేప పీల్చేది డిజాల్వ్‌డ్ ఆక్సిజన్, అంటే నీళ్లలో కరిగిన గాలి. మొప్పలతో దాన్ని తీసుకుని, చెడుగాలిని ఆ నీళ్లలోకే వదులుతుంది. ఆ నీళ్లు కదిలితేనే పై గాలిని త్వరగా కలుపుకుంటాయి. పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టిన పాఠమే. మొదటి విడతను చంపింది నా జాగ్రత్తే!

ఎనిమిది కుండలకు మేమిద్దరం. చెరో కుండ అందుకుని ఊపసాగాం.

"ఇటివ్వండి. ఎట్టా ఊపాలి?" అన్నాడు ఆ గొణిగిన కండక్టరే.

అది చూసి ప్రయాణికులూ ఒక్కొక్కరుగా ఒక్కో కుండ ఒళ్లో పెట్టుకున్నారు. బయట సన్నటి తుంపర. రోడ్డుకు రెండు పక్కలా నాట్లేసిన మళ్లలో ఆకాశం పరుచుకుని ఉంది. కదలని బస్సులో అందరూ మెల్లగా ఊగుతున్నారు. ఒక తల్లి ఒక తొడ మీద పసివాణ్ణి, ఇంకో తొడ మీద కుండను పెట్టుకుని సన్నగా జోలపాట పాడుతోంది. అది ఎవరి కోసమో ఎవరూ అడగలేదు. కుండలో నీళ్లు గుండ్రంగా తిరుగుతుంటే, ఆ వెండి చుక్కలు కూడా ఊపిరి పీల్చి వదలడం నాకు వినిపించినట్టే అనిపించింది. బస్సు బాగై మళ్లీ కదిలేదాకా ఎంతసేపు అలా ఊగామో గుర్తులేదు.

సాయంత్రం చెరువులో కుండ వంచగానే పిల్లలు చురుగ్గా పారిపోయాయి. నాంచారమ్మగారు వాటినే చూస్తూ మోకాలిలోతు నీళ్లలో చాలాసేపు నిలబడిపోయారు. ఆ ఏడు పేటలో ఎవరూ ఊరు వదల్లేదు.

ఆఫీసు ఫారంలో 'రవాణా విధానం' అన్నచోట మొదటిసారి "కుదుపు లేకుండా, బస్సులో" అని గొప్పగా రాశాను. ఈసారి "ప్రయాణికుల ఒళ్లో" అని రాశాను. మా ఆఫీసరు అది కొట్టేసి "బస్సు" అని దిద్దారు. నేను అడ్డు చెప్పలేదు. కానీ ఆ తర్వాత నా సర్వీసంతా, బస్సు ఆగితే చాలు, సిగ్గు విడిచి పక్కవాళ్ల ఒళ్లో కుండ పెట్టేవాణ్ణి. కాదన్నవాళ్లు ఒక్కరూ లేరు.