టైర్లకు రాసిన ప్రార్థన నూనె

ఘాజియాబాద్ పార్కులో పిల్లలు రిమోట్ కార్లు తిప్పుతుంటే వేడెక్కిన రబ్బరు వాసనకు ఇప్పటికీ నా గుండె బరువెక్కుతుంది.

నా చిన్నప్పుడు, అమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజులవి. అన్నయ్య రిమోట్ కారు పందెం గెలిస్తే అమ్మ లేచి ఇంటికొస్తుందని నేను దేవుణ్ణి అడిగాను. నేల మీద పట్టు కోసం అన్నయ్య శుభ్రంగా తుడిచి పెట్టుకున్న మెత్తని టైర్లకు, పాస్టరుగారు అమ్మ నుదుట రాసిన ప్రార్థన నూనె పూశాను. మొదటి మలుపులోనే కారు జారి బోల్తా పడింది.

"టైర్లకి నూనె రాస్తారటే? పాగల్ హై క్యా, పిచ్చా నీకు?"

"నూనె కాదన్నయ్యా, అభిషేకం!" అన్నాను ఏడుస్తూ.

ఆ వారమే అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది.

నూనె తగిలిన రబ్బరు నేలను పట్టుకోదని తర్వాత తెలిసింది. నూనె రాసి ప్రార్థిస్తే రోగి లేస్తాడన్న బైబిలు వాక్యాన్ని నేటికీ నమ్ముతాను. అమ్మ ఎందుకు లేవలేదో మాత్రం ఏ ప్రసంగంలోనూ వినలేదు.