లీలావతక్క నాలుక కాల్చుకున్న ఆదివారం

ఆ వారమంతా లీలావతక్క ఇంటికి వెళ్ళినవాళ్ళకు మంచినీళ్ళకంటే ముందు దొరికింది ఆమె నాలుక దర్శనం.

"చూడు, ఈ కొసన. ఎర్రగా ఉండాదా, ల్యాదా?"

ఉంది. ఎర్రగా, చిన్న పొక్కుతో సహా ఉంది. కానీ నోరు కాల్చుకున్న మనిషి ముఖం అలా వెలిగిపోదు కదా! నేను వంటింటి గడప మీద కూర్చుని, సంగతేమిటో మొదటినుంచీ చెప్పమన్నాను. అక్క జొన్నపిండిలో వేణ్ణీళ్ళు పోసి కలుపుతూ మొదలుపెట్టింది. ఆమె చెప్పేది తొందర పెడితే రాదు. పిండి మెదిగినట్టే మెల్లగా మెదగాలి.

ముందు ఈమె గురించి కొంచెం చెప్పాలి. ఆళ్ళగడ్డలో అహోబిలం దారికి దగ్గర్లో ఆమె మొగుడు చెన్నకేశవులన్న ఇల్లు. పొలం ఉన్న ఇల్లు, ఎప్పుడూ జనం ఉండే ఇల్లు. లీలావతక్క కోడలిగా ఆ గడపలోకి వచ్చినప్పటినుంచీ సాయంత్రమైతే రొట్టెలు తట్టడం ఆమె పని. పెనం మీద రొట్టె పొంగగానే తీసి కంచంలో వెయ్యాలి. మొదట మామ, తర్వాత మొగుడు, మరుదులు, పొలంనుంచి వచ్చినవాళ్ళు, పిల్లలు, ఆఖరున అత్త. అందరూ లేచాక గిన్నె అడుగున మిగిలిన పిండితో ఒక మందపాటి రొట్టె తట్టి పెనం మీద పడేసి, పొయ్యిలో మంట తీసేసి, అంట్లు తోమి, స్నానం చేసి వచ్చి తినేది. అప్పటికది చెక్కలా ఉండేది. ఊరిబిండి, అదే వేరుశనగల కారంపచ్చడి, అద్దుకుని నమిలేది. ఇప్పుడు మామా అత్తా లేరు, మరుదులు వేరుపడ్డారు, గ్యాసుపొయ్యి వచ్చింది. ఆమె రొట్టె మాత్రం అదే ఆఖరి రొట్టె.

"నాకేం బాధ లేదులే. రొట్టె తట్టేదాని చేతులు పిండిలో ఉంటాయి, యెట్ల తింటాది?" అంది అక్క.

బాధ లేదు, నిజమే. కానీ మొన్నామధ్య కూతురు హిమజ తన ఫోనులో ఒక వీడియో చూపించింది. హిమజ నంద్యాలలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఆ ఊళ్ళో కొత్తగా ఇటలీ పిజ్జాల హోటలు పెట్టారట, వీడియో అక్కడిదే. పుట్టలా గుండ్రంగా ఉన్న పొయ్యి, లోపల కట్టెల మంట, పొడుగు కామ ఉన్న పారలాంటిదానితో రొట్టెను బయటికి లాగడం, ఎదురుగా కూర్చున్న ఆడమనిషి పొగలు కక్కుతున్న ముక్కను అట్లాగే నోట్లో పెట్టుకోవడం. ఆ చివరి దృశ్యం దగ్గర అక్క కూతురి చెయ్యి పట్టుకుంది.

"మళ్ళా చూపీ. ఆ యమ్మ వేడిదే తింటాందా?"

"వేడిగానే తినాలమ్మా. చల్లారితే తోలు మాదిరి సాగుతాది."

అక్క ఆ వీడియో ఇంకోసారి చూసింది. తర్వాత, పెళ్ళినాటినుంచీ ఎవరినీ ఏదీ అడగని మనిషి నోరు తెరిచి అడిగింది.

"నన్ను ఆడికి తీసుకపో పాపా. పొయ్యిలోంచి తీసిన రొట్టె ఆవిరి పోకముందే ఒగసారి తినాల. నేను తట్టంది, ఇంకొగరు చేసి పెట్టింది."

చెన్నకేశవులన్న విని మంచంమీద లేచి కూర్చున్నాడు.

"రొట్టె తినేకి నంద్యాలకు పోవాల్నా? ఇంట్లో పెనానికి ఏం రోగం?"

"పెనం యాడుంటాదో నీకు తెలుసునా? ముందు అది చెప్పు," అంది అక్క.

కొడుకు శ్రీకాంత్ నవ్వుతూ, ఆదివారం కారు తీస్తానన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం బయల్దేరారు. అక్క గద్వాల చీర కట్టుకుంది. శిరివెళ్ళ దాటకముందే "ఇంకా ఎంత దూరం?" అని అడిగింది. దాటాక మళ్ళీ అడిగింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. కడుపులో చోటుండాలని! సంచిలో మాత్రం చిన్న స్టీలు డబ్బీతో చెనిక్కాయల ఊరిబిండి పెట్టుకుంది. "ఊరుగాని ఊరు, ఆడ కారం ఉంటాదో ఉండదో" అని ఆమె లెక్క.

నంద్యాలలో హిమజ హోటలు వాకిట్లోనే ఎదురుచూస్తోంది. లోపల చల్లగా ఉంది, గోడలకు ఇటుకల రంగు. ఒక పక్కన అద్దం వెనక అదే పొయ్యి, అదే మంట! అక్క కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. హిమజ చెయ్యి పట్టి లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

మొదటి పిజ్జా వచ్చింది. ఎర్రటి టమోటా, కరిగిన చీజు, పైన నాలుగు పచ్చని ఆకులు, బుసబుసా ఆవిరి.

"తులసాకు దేవునికి పెట్టేది కదరా, రొట్టెమీద ఏసినారే!" అన్నాడు అన్న.

"అది తులసి కాదు నాయనా, దాని చుట్టం," అన్నాడు శ్రీకాంత్.

ఈ మాటలు నడుస్తుండగానే అక్క చేతులు పనిలోకి దిగిపోయాయి. ఒక ముక్క మొగుడి కంచంలో. ఒకటి కొడుక్కి. ఒకటి కూతురికి. చీజు తీగలు సాగుతుంటే వేలికి చుట్టి తెంపి మరీ వేసింది. వడ్డించడానికి వచ్చిన అమ్మాయిని "నువ్వు తిన్న్యావా పాపా?" అని అడిగి ఆమె చేతిలోనూ ఒకటి పెట్టబోయింది. ఆ అమ్మాయి నవ్వి, వద్దని తప్పించుకుంది. అన్న ఊరిబిండి డబ్బీ మూత తీసి అద్దుకుని, "ఇప్పుడు బాగుండాది" అని ఇంకో ముక్క అడిగాడు. అదీ వేసింది. అందరూ సగం తినేశాక అక్క తన ముక్క చేతిలోకి తీసుకుంది. చల్లారిపోయింది. తోలులా సాగింది.

"బాగుండాది," అంది మెల్లగా.

హిమజకు ఏడుపొచ్చినంత పనైంది. "అమ్మా! దీనికోసమా నువ్వొచ్చింది? ఇంకోటి చెప్తాండా. ఈసారి చెయ్యి కదిపితే చూడు!"

రెండోది వచ్చింది. అక్క రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పొగ మొహానికి తగులుతోంది. ముక్క తీసుకుందామని చెయ్యి బయటికి తీసింది, సరిగ్గా అప్పుడే అన్న అలవాటు కొద్దీ కంచం ముందుకు తోశాడు.

"లీలా, ఆ మిరపకాయ ఉండేది ఇట్లెయ్యి."

అంతే! చెయ్యి దానంతటదే వెళ్ళి ఆయనకు వేసింది. తర్వాత శ్రీకాంత్‌కు. తర్వాత హిమజకు.

"నాయనా, నీ నోరు!" అని అరిచింది హిమజ. పక్క టేబులు వాళ్ళు తిరిగి చూశారు.

అన్న తల వంచుకుని కంచం చూశాడు. పెళ్ళాం ముఖం చూశాడు. మళ్ళీ కంచం చూశాడు. ఆ ముక్క నోట్లో పెట్టుకోలేదు. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"కంచాలు కనపడితే ఈ మనిషి తినదు. లే లీలా. పొయ్యి కాడికే పోదాం పా."

అక్క జబ్బ పట్టుకుని తిన్నగా అద్దం పక్కన తెరిచున్న కౌంటరు దగ్గరికి నడిపించాడు. పిజ్జాలు కాల్చే అతని పేరు ఎలీషా. బేతంచెర్ల వాడు. వాళ్ళ నాయన నాపరాతి బండల పాలీషు మిషన్ దగ్గర పనిచేసేవాడు, ఇతను బెంగుళూరు పోయి ఈ పని నేర్చుకున్నాడు.

"అప్పా, ఈమె పొయ్యిలోంచి వచ్చింది వచ్చినట్టు తినాల. ఈడనే నిలబెడతాండా. నేను కాపలా," అన్నాడు అన్న.

ఎలీషా పిండిముద్ద తీసి వేళ్ళకొసలతో అదుముతూ, తిప్పుతూ వెడల్పు చేశాడు. అక్క కళ్ళు ఆ చేతులమీదే.

"అంచు మందంగా ఇడిసిపెడతాండావే? మేమైతే అంచే పల్చగా కొడతాం."

"ఇది అంచు పొంగాల పెద్దమ్మా. మీది నడుమ పొంగుతాది కదా. మా అమ్మా తడతాది రొట్టెలు."

"మీ అమ్మ వేడిది తింటాదా?"

ఎలీషా పిండిమీద టమోటా రసం పూశాడు. "యాడ తింటాది! ఆమె ఎందుకు, నేను మాత్రం తింటానా? దినామూ ఇన్ని కాలుస్తానా, నాకు దొరికేది సల్లారిపోయిన ముక్కే."

పార లోపలికి వెళ్ళింది. మంట నాలుకలు చాపింది. అంచులు బుడగలు బుడగలుగా లేచాయి. పార బయటికొచ్చింది! చీజు ఇంకా కుతకుత ఉడుకుతోంది. ఎలీషా చకచకా కోసి ఒక ముక్క అక్క ముందుకు జరిపాడు.

అక్క ఆ ముక్క తీసుకుంది. తీసుకుని అతనికే చాపింది.

"నువ్వు తిను నాయనా. నువ్వూ తిన్ల్యా కదా."

"అయ్యో, మీకోసం చేసింది పెద్దమ్మా. మీరు తినండి."

"ముందు నువ్వు."

"లేదు, మీరే ముందు."

వెనక హిమజ తల పట్టుకుంది. శ్రీకాంత్ "ఆవిరి పోతాందమ్మా!" అని కేక వేశాడు. ఆ ముక్క మీది ఆవిరి నిజంగానే పల్చబడుతోంది. చెన్నకేశవులన్న కౌంటరు మీద అరచేత్తో కొట్టాడు.

"ఇద్దరూ చెరొగటి తీసుకుని ఒగేసారి కొరకండి! లేకుంటే మొత్తం నేనే మింగుతా! బేగా!"

ఇద్దరూ ఉలిక్కిపడి చెరో ముక్క నోట్లో పెట్టుకున్నారు.

"అబ్బా!" అంది అక్క. "హా హా హా" అని నోరు తెరిచి గాలి పీల్చింది. ఎలీషా కూడా అక్కడే గెంతులేస్తున్నాడు. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు. హిమజ పరుగున నీళ్ళ గ్లాసు తెచ్చింది. అక్క ఆ గ్లాసును తోసేసింది.

"నీళ్ళొద్దు! సల్లారిపోతాది!"

ఇంకో కొరుకు కొరికింది. అంచు కరకరలాడింది, లోపల మెత్తగా ఉంది, టమోటా పులుపు గొంతుదాకా కాల్చుకుంటూ దిగింది. ముక్క మొత్తం నిలబడే తినేసింది. వేళ్ళు నాకింది. హోటల్లో ఉన్నవాళ్ళంతా తననే చూస్తున్నారని అప్పుడు తెలిసిందట. సిగ్గుపడలేదు. ఇంకో ముక్క తీసుకుంది.

"నాలిక సుర్రుమనింది చూడు," అంది నాతో. ఆ "సుర్రు" అనడంలో ఎంత సంబరమో రాయడం నాకు చేతకాదు.

ఈ మాటలన్నీ అయ్యేసరికి పిండి కలపడం పూర్తయింది. పెనం వేడెక్కింది. చెన్నకేశవులన్న మామూలుగానే వచ్చి, కంచం పెట్టుకుని కూర్చున్నాడు. అక్క మొదటి రొట్టె తట్టి పెనం మీద వేసి, పైన తడిబట్టతో అద్ది తిప్పింది. రొట్టె బుస్సున పొంగింది.

తీసి, రెండుగా చించి, ఒక సగం ఊదుకుంటూ నోట్లో పెట్టుకుంది. రెండో సగం కూడా తన దగ్గరే పెట్టుకుంది.

"ఏందీ, నాకు?" అన్నాడు అన్న.

"ఆగయ్యా. తింటాండా కదా," అంది నోటినిండా రొట్టెతో.

అన్న ఖాళీ కంచం ఒళ్ళో పెట్టుకుని, ఆమె నమలడం అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాడు. రెండో రొట్టె పొంగింది. అదీ ఆయన కంచంలో పడలేదు. గడప మీదున్న నా చేతిలో పడింది.

"కాల్తాది, చూసుకో," అంది అక్క.