మొహమాటపు చుట్టం

కుండీల్లో తడి కొబ్బరిపొట్టు నింపుతుంటే, ఆ వాసనకి అమెరికాలో, బాతెల్‌లోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది. బడి నుంచి వచ్చాక అమ్మానాన్నా ఆఫీసుల నుంచి చేరేదాకా ఇంట్లో నేనూ, గాజుతొట్టెలో బల్లిలాంటి నున్నటి నలికిరీ.

పెంచుకోడానికి కొత్తగా తెచ్చిన ఆ నలికిరి తొట్టెలో పరిచిన కొబ్బరిపొట్టులో దూరి బయటికొచ్చేది కాదు. మొహమాటపడుతోందనుకున్నాను. చుట్టాలని అమ్మ బలవంతపెట్టినట్టే, పొట్టు తవ్వి మరీ మూతి దగ్గర అరటిపండు ముక్క పెట్టి "కొంచెం తిను, ప్లీజ్" అనేదాన్ని. అది ఇంకా లోతుకి పోయేది.

"డిస్టర్బ్ చేయకమ్మా. నువ్వు చూడకపోతే అదే వస్తుంది," అన్నాడు నాన్న.

మర్నాడు తొట్టెకి వీపు పెట్టి హోమ్‌వర్క్ చేసుకున్నాను. కాసేపటికి వెనక పొట్టు మెల్లగా కదిలింది. ఆ ఇంట్లో నేను కాక ఇంకొకరు తిరుగుతున్న చప్పుడు. అది ఎక్కడ ఆగిపోతుందోనని, అమ్మ కారు వచ్చేదాకా నేను వెనక్కి తిరగలేదు.